ఆకు సందు

ఈ కథలో ఒక్క ముక్క అబద్ధమని తోచినవాళ్లు ఇప్పుడే చెయ్యెత్తండి. ఎత్తినవాళ్లను ఎవరూ ఏమీ అనరు. కథ అయ్యాక ఆ చెయ్యి ఎలా దించుకోవాలో మాత్రం వాళ్లే చూసుకోవాలి. ఎందుకంటే దీనికి సాక్షి ఉంది. ఇంకా బతికే ఉంది. పేరు చివర్లో వస్తుంది.

గోదారి ఒడ్డున, కొండలు రెండువైపుల నుంచీ నదిని నొక్కేచోట, ఏనుగుదిన్నె అని ఒక కొండ. దాని మీద పొన్నాచారి అనే వడ్రంగిపిట్ట ఉండేవాడు. పేరులో వడ్రంగం ఉన్న పిట్టలకు ఆ అడవిలో కొదవలేదు. చెట్టుకు బెజ్జం పెట్టి, లోపలి పురుగును తిని, అదే పనితనమనుకుని ఎగిరిపోయేవి. ఆ పేరును నిజంగా మోసినవాడు పొన్నాచారి ఒక్కడే. అతను ముక్కుతో తొలిచిన బెజ్జం అంచు మీద సాలీడు నడిస్తే కాలు జారేదట, అంత నునుపు. ఒకసారి పిడుగుపడి నిలువునా చీలిన ఇప్పచెట్టును కర్రచీలలు కొట్టి బిగిస్తే, ఆ చెట్టు తనకేమీ కాలేదనుకుని మరుసటి నెలలో పూత పూసింది. అతను పని మొదలుపెడితే అవతలి ఒడ్డున ఉన్న కోతులు పోట్లాట మానేసి ఆ దరువుకు తలలాడించేవి.

అలాంటి పొన్నాచారి ఆ ఎండాకాలం నవ్వటం మానేశాడు.

కారణం మంగతాయి. ఆమె కుందేలు, పొన్నాచారిని అన్నా అని పిలిచేది. కిందటి వానాకాలం, హోరుమని వాన పడుతున్నప్పుడు, కొండ మీదికి చిరుత వచ్చింది. వాన చప్పుడులో ఏ అరుపూ వినపడలేదు. తెల్లవారి చూస్తే మంగతాయి గూట్లో పిల్ల అన్నది ఒక్కటీ మిగల్లేదు. ఆమె ఏడవలేదు. గూట్లో పరిచిన గడ్డిని బయటికి లాగి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ లోపల పరిచింది. ఎవరి కోసమో ఎవరూ అడగలేదు. ఈ ఏడు ఆమెకు మళ్లీ పిల్లలు పుట్టారు. మబ్బు పేరెత్తితే చాలు, ఆమె చెవులు వణికేవి.

కొండకు పెద్ద అడవిదున్న భూమన్న. మాట నెమ్మది, అడుగు నెమ్మది, ఆలోచన మరీ నెమ్మది. ఎండాకాలమంతా ఆలోచించి, కొండ నడుమనున్న గుహకు తలుపు పెడదామన్నాడు. వానాకాలం రాత్రుళ్లు కొండ మీది పసికూనలన్నీ ఆ గుహలోనే పడుకోవాలి. ఆ తలుపు చిరుత పంజాకు ఆగాలి.

గాలివానకు కూలిన మద్దిచెట్టును భూమన్న కొమ్ములతో ఈడ్చుకొచ్చాడు. ఈడ్చిన దారిలో ఇప్పటికీ వాగు పారుతుంది, ఆ గాడి అంత లోతు. పందికొక్కుల మందంతా కూర్చుని కొరికితే పలకలు తేలాయి. వాటిని బండ మీద ఎండలో పడేసి, గలగలమనేదాకా ఆరనిచ్చారు. అప్పుడు పొన్నాచారి పనిలోకి దిగాడు.

ఒక్క ఇనుపముక్క వాడలేదు. ఒక కర్ర కొసను పందికొక్కులతో నాలుకలా చెక్కించాడు. పనివాళ్లు దాన్ని కుసి అంటారు. పక్క కర్రలో ఆ కుసి పట్టేంత బెజ్జం తను తొలిచాడు. కుసి బెజ్జంలోకి వెళ్లి కూర్చుంటే, అడ్డంగా ఒక చీల. అంతే. రెండు కర్రలు ఒక చెట్టుకు పుట్టినట్టు కలిసిపోయాయి. ద్వారబంధాన్నీ అలాగే కట్టి గుహ మూతికి బిగించారు. తలుపు నిలబెట్టిన రోజు భూమన్న నుదురు ఆనించి నెట్టి చూశాడు. కొండ కాస్త కదిలిందిగానీ తలుపు కదల్లేదని చూసినవాళ్లు చెప్పారు.

తలుపుకూ బంధానికీ మధ్య మాత్రం పొన్నాచారి సన్నటి సందు వదిలాడు. ఒక కానుగాకు తెచ్చి ఆ సందులో పైనుంచి వదిలితే, ఎక్కడా తగలకుండా కింది గడపదాకా జారేది. ఆ కొలతకు ఆకు సందు అని పేరు. తలుపు నిలబెట్టిన సాయంత్రమే ఒక బల్లి వచ్చి ఆ సందులో కాపురం పెట్టింది. ఎవరైనా నిజం మాట్లాడితే టక్కున పలికేది. అబద్ధమాడితే తోక ముడుచుకుని ఊరుకునేది.

కథ చెడింది ఇక్కడే. తలుపు చూడటానికి నక్క వచ్చింది.

నక్క పేరు కోటిలింగం. దానికి తోక కొస లేదు. కిందటేడు చిరుతతో కలబడి పోగొట్టుకున్నానని ఎక్కడికి వెళ్లినా ఆ మొండితోక చూపించేది. కొండ మీద తల్లులందరికీ చిరుత పేరు చెబితే ఒళ్లు మండేది కాబట్టి, ఆ మొండితోకకు బాగా మర్యాద దొరికింది. భూమన్న కొలువు తీరిన రోజున కోటిలింగం ముందుకొచ్చి, తలుపు బ్రహ్మాండంగా ఉందని, కాకపోతే గడియ లోపలుంది కదా, దాన్ని వేసేదెవరని అడిగింది. పాలుతాగే కూనలా? తల్లులేమో మేతకు పోవాలి. చిరుత గుట్టు తెలిసినవాడు, దాని పంజా రుచి చూసినవాడు ఒకడు లోపల కాపలా ఉండాలి. తనకు పిల్లాజెల్లా లేరు, ఉన్న తోక కూడా సగమే, పోయేదేముంది అంది. తల్లులు కొందరు కళ్లు తుడుచుకున్నారు. భూమన్న తలూపాడు.

బల్లి పలకలేదు. అది గమనించింది పొన్నాచారి ఒక్కడే.

ఆ తర్వాత కోటిలింగం తలుపు దగ్గరికి వెళ్లి, ఒక కన్ను మూసి సందులోంచి చూసింది.

"ఇదేంటి ఆచారీ, వెలుగు కనిపిస్తోంది?"

"ఆకు సందు."

"సందున్న దాన్ని తలుపంటారా?"

"సందు లేనిదాన్ని గోడంటారు," అన్నాడు పొన్నాచారి. "చెట్టు కూలినా కర్ర చావదు. ఎండకు ముడుచుకుంటుంది, వానకు నీళ్లు తాగి ఒళ్లు చేస్తుంది. ఒళ్లు చేసినప్పుడు నిలబడటానికి దానికి కాస్త చోటుండాలి."

నక్క కొలువు వైపు తిరిగి నవ్వింది. "విన్నారా? కర్రకు ఆకలిదప్పులట. కొలత తప్పిన ప్రతి వడ్రంగీ చెప్పే మాటే ఇది. అమ్మా మంగతాయీ, నువ్వు చెప్పు. ఆ సందులో చిరుత గోరు దూరదంటావా?"

అందరూ మంగతాయి వైపు చూశారు. ఆమె పొన్నాచారి ముఖం చూడలేకపోయింది. నేల చూస్తూనే అంది.

"సందు వద్దు, అన్నా. మూసెయ్యి. చీమ కూడా దూరకూడదు."

పొన్నాచారి ముక్కు అంతకుముందు ఇనుపబండకు తగిలినా అంత నొప్పి పుట్టలేదు. కానీ అతను మళ్లీ మాట్లాడలేదు. వడ్రంగం పనివాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. కర్ర గుణం పని చేయించుకునేవాళ్లకు ఒక్కసారే చెప్పాలి. రెండోసారి చెబితే అది బతిమాలటం అవుతుంది. సరేనన్నాడు. సందు నిండేలా చుట్టూ మద్దిపట్టీలు వేసి చీలలు కొట్టాడు. తలుపు మూస్తే బంధానికీ దానికీ నడుమ వెంట్రుక పట్టకుండా చేశాడు. బల్లి మూటాముల్లె సర్దుకుని గుమ్మం పైనున్న బండ కిందికి వెళ్లిపోయింది, దారిపొడుగునా పలుకుతూనే.

పట్టీలు కొడుతున్నంతసేపూ పొన్నాచారి మనసులో ఒకటే తిరిగింది. తలుపు లోపల కాపలా కాసేవాడికి బయట ఏం వస్తోందో చూసుకోవటానికి ఒక సందు కావాలి. ఎవడైనా కోరి అడుగుతాడు. వీడు దాన్ని మూయించాడు. బయటికి చూడక్కర్లేదనుకునేవాడు, లోపలికి ఎవరూ చూడకూడదని కోరుకుంటున్నాడు. ఆ ఆలోచన వచ్చాక అతనికి మేత సయించలేదు. ఎవరితో చెప్పగలడు? చేతిలో రుజువు లేదు. తన తలుపును తప్పుపట్టాడన్న కసితో నింద వేస్తున్నాడంటారు.

పసికూనలను గుహలోకి పంపే రోజు వచ్చింది. ఆకాశంలో పొరపాటున కూడా మబ్బులేదు. తల్లులు పిల్లలకు ఒళ్లు నాకి, వెంట తీసుకుని బయల్దేరుతున్నారు. పొన్నాచారి చివరిసారిగా తలుపు మీద వాలి ముక్కుతో తట్టాడు. నిన్నటిదాకా ఆ తలుపు కంచులా ఖంగుమనేది. ఇవాళ పొట్ట నిండినవాడు మూలిగినట్టు బుమ్మన్నది. మళ్లీ తట్టాడు. మళ్లీ బుమ్మన్నది. ఆకాశానికింకా తెలియని వాన కర్రకు తెలిసింది.

ఆ చప్పుడుకు అర్థం పొన్నాచారికి తెలుసు. వాన వచ్చేదాకా ఆ తలుపు మామూలుగానే తెరుచుకుంటుంది, మామూలుగానే మూసుకుంటుంది. ఈ పూటే పిల్లలు లోపలికి వెళితే, నక్క గడియ వేస్తే, వాళ్లూ వాడూ కలిసి లోపలే బిగుసుకుపోతారు. అప్పుడు లోపల ఏం జరిగినా తలుపు మాత్రం రాదు. అతను చేసిన తలుపే పిల్లలకు చావవుతుంది.

అతను నేరుగా భూమన్న కొమ్ము మీద వాలాడు. గొంతు సర్దుకుని, అందరికీ వినిపించేలా అన్నాడు.

"పెద్దాయనా, ఒక ఆచారం మరిచిపోయాం. కొత్త ఇల్లు కట్టాక, పిల్లామేకా అడుగుపెట్టకముందు యజమాని ఒక్కడే అందులో నిద్ర చేయాలి. మనుషులూ చేస్తారు."

భూమన్న తీరిగ్గా ఆలోచించాడు. "ఇంటికి యజమాని ఎవరు?"

"గడియ ఎవరి చేతిలో ఉంటే వారే."

యజమాని అన్న మాట చెవిన పడగానే కోటిలింగం ఛాతీ ఉబ్బింది. ఆకాశం వంక చూసింది. నిర్మలంగా ఉంది. ఒక్క రాత్రి ఆలస్యమైతే కొంప మునిగేదేమీ లేదనుకుంది. ఆచారం ఆచారమే కదా, తప్పిస్తే పిల్లలకు అరిష్టం అని తనే తల్లులకు నచ్చజెప్పి, మొండితోక ఊపుకుంటూ లోపలికి వెళ్లి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు బయటికి వినిపించింది.

ఆ రాత్రి పొన్నాచారి కళ్లు మూయలేదు. ముక్కు బెరడుకు ఆనించి, వాన కోసం పిల్లవాడు తల్లి కోసం చూసినట్టు చూశాడు.

తెల్లవారకముందే పడింది. అది మామూలు వాన కాదు. గోదారి నిలువునా లేచి కొండ మీద పడుకున్నట్టు పడింది. చేపలు చెట్ల కొమ్మల్లోకి ఈదుకొచ్చి, ఇదేం నది అని పక్షులను అడిగాయి. ఎండాకాలమంతా దాహంతో ఉన్న మద్దికర్ర ఆ వానను తాగింది. తలుపు ఒళ్లు చేసింది. బంధం ఒళ్లు చేసింది. మధ్యలో బిగించిన పట్టీలు ఒళ్లు చేశాయి. జరగటానికి వెంట్రుకంత చోటు లేదు.

తెల్లవారాక తల్లులు పిల్లలతో వచ్చి తలుపు ముందు నిలబడ్డారు. భూమన్న పిలిచాడు. లోపల గడియ తీసిన చప్పుడు వచ్చింది. తలుపు రాలేదు. మళ్లీ పిలిచాడు. లోపలినుంచి గోకుతున్న చప్పుడు, తర్వాత ఏమీ లేదు. కోటిలింగం అరవలేదు. ఎందుకు అరవలేదో తర్వాత తెలిసింది.

మధ్యాహ్నమే దీపాలవేళలా ఉంది. అందరూ పక్కనున్న బండచూరు కింద తలదాచుకున్నారు. ముందు భూమన్న అడ్డంగా నిలబడ్డాడు. అతని పొట్ట కింద పిల్లలు. అప్పుడు వాన తెరలోంచి చిరుత వచ్చింది. వాన వాసనలో దానికి వీళ్ల వాసన తగల్లేదు. మంగతాయి పిల్లల మీద వాలి వాళ్ల మూతులు తన పొట్టకు అదుముకుంది. చిరుత ఎటూ చూడకుండా నేరుగా గుహ దగ్గరికి, అలవాటైన ఇంటికి వెళ్లినట్టు వెళ్లింది.

"లింగం. గడియ తియ్యి."

చూరు కింద తల్లులు పిల్లలను ఇంకా దగ్గరికి లాక్కున్నారు.

అరవకుండా పొద్దున్నుంచీ ఈ పిలుపు కోసమే కాచుకున్న కోటిలింగం గొంతు లోపలినుంచి వచ్చింది. "తీశాను దొరా. తలుపు రావటం లేదు."

"మొదటి వానకు రమ్మన్నావు. వచ్చాను. తియ్యి."

"కర్ర పొంగింది దొరా. మీరు అటునుంచి తొయ్యండి."

"కూనలెన్ని ఉన్నాయి?"

"ఒక్కటీ లేదు దొరా. నిద్ర చేయాలన్నారు. నేనొక్కణ్నే ఉన్నాను."

చిరుత నవ్వలేదు. "పిల్లలందర్నీ ఒకచోట చేర్చి పిలుస్తానన్నావు. ఇప్పుడు ఒక్కడినే అంటున్నావు. లోపల కూర్చుని ఒక్కడివే తినేద్దామనా?"

"నా తోక మీద ఒట్టు దొరా."

"నీ తోక ఎవరి ఉచ్చులో తెగిందో నాకు తెలియదా? నా పేరు చెప్పి ఇన్నాళ్లూ మర్యాదలు తిన్నావు. చాల్లే."

గుమ్మం పైనున్న బండ కింద బల్లి టక్కున పలికింది. అలవాటు కొద్దీ తల్లులంతా ముందుకాలు నేలకు తట్టారు, నిశ్శబ్దంగా.

చిరుత పంజా చాచి, తలుపు అంచునా బంధం అంచునా గోళ్లు దిగేసి, పెకలించబోయింది. పెకలించేకొద్దీ కర్ర తడి తాగి ఇంకా పొంగుతోంది. బిగిసిన ఆ దవడ గోళ్లను పట్టుకుంది. చిరుత లాగింది. రాలేదు. రెండో పంజా ఆనించి లాగింది. రాలేదు. అది గుర్రుమంటే కొండలు గుర్రుమన్నాయి, ఏళ్ల తరబడి నిద్రపోతున్న కొండచిలువ ఒకటి అవతలి కొండలో లేచి వేళయిందేమోననుకుంది. అప్పుడు చూరు కిందినుంచి భూమన్న బయటికి వచ్చాడు. జీవితంలో మొదటిసారి, ఆలోచించకుండా.

చిరుత ఒక్క ఊపున పంజా పీక్కుంది. పంజా వచ్చింది. గోరు రాలేదు. మూడు కాళ్ల మీద అది వాగు దాటి, గోదారి ఈది, ఆ ఒడ్డున ఆగకుండా పోయింది. ఏనుగుదిన్నె మీద దాని అడుగుజాడ మళ్లీ ఎవరూ చూడలేదు.

తర్వాత లోపలినుంచి ఏడుపు మొదలైంది. కోటిలింగం అందర్నీ పేరుపేరునా పిలిచింది. చివరికి పొన్నాచారిని పిలిచింది. ఆచారీ, నువ్వు చెప్పిందే నిజం, కర్రకు చోటుండాలి, ఒక్క పట్టీ తీసెయ్యి అని వేడుకుంది.

మంగతాయి వానలో నిలబడే ఉంది. "అన్నా, ఆ తలుపు విప్పకు."

"విప్పటం నా వల్లా కాదమ్మా," అన్నాడు పొన్నాచారి. "ఇప్పుడు అది ఏ ఉలికీ లొంగదు. పగలగొట్టాలి. నా పనిని నేను పగలగొట్టను."

"అయితే చావనీ."

అతను గడప దగ్గర వాలి, పలక అడుగున ఒక్క బెజ్జం తొలిచాడు. అతని జీవితంలో అన్ని బెజ్జాలకంటే అది చిన్నది, అన్నిటికంటే కష్టమైంది. తడి కర్ర ముక్కుకు అంటుకుంది. ప్రతి దెబ్బకూ కిందటేడు మంగతాయి ఎండలో ఆరబెట్టిన గూటి గడ్డి కళ్లముందు మెదిలింది. బెజ్జం పూర్తయ్యాక లోపలికి గాలి పోయింది. అతను ఎగిరిపోయాడు.

ఆ బెజ్జంలోంచి ఎవరూ ఏమీ లోపలికి వేయలేదు, చాలాసేపటిదాకా. కోటిలింగం గొంతు సన్నబడింది, ఆ తర్వాత ఆగింది. వాన కాస్త తెరిపిచ్చినప్పుడు మంగతాయి వచ్చింది. నోట్లో ఆ బెజ్జంలో పట్టేంత సన్నటి అడవిదుంప. దాన్ని బెజ్జం దగ్గర పెట్టి ముందుకాలితో లోపలికి తోసింది. ఆమె వెనకే పిల్లలు నిలబడి చూస్తున్నారు. తల్లుల్లో ఎవరో ఇదేమిటని అడిగితే, తిరిగి చూడకుండానే చెప్పింది.

"ఇది నా పిల్లలు పడుకోబోయే ఇల్లు. ఆకలితో చచ్చినవాడి వాసన ఇందులో ఉండకూడదు."

అప్పటినుంచి పూటకొకరు దుంపో పండో తోశారు. వాన పడ్డ రాత్రుళ్లు కూనలు చూరు కింద, భూమన్న డొక్కకు ఆనుకుని పడుకున్నాయి. మాంసం మీద బతికిన నక్క ఆ వానాకాలమంతా దుంపలు తిని బతికింది. మొదట్లో తిట్టింది. తర్వాత బతిమాలింది. ఆ తర్వాత, ఎవరు తోశారో పేరు చెప్పమని మాత్రం అడిగేది. పేరు వినగానే మాట్లాడకుండా తినేది.

మంచు పడేకాలం వచ్చింది. గాలి పొడిబారింది. కర్ర తాగిన నీళ్లన్నీ మెల్లగా వదిలింది. ఒక ఉదయం, ఎవరూ ముట్టుకోకుండానే, తలుపు కిర్రుమని తనంతట తనే తెరుచుకుంది. చిరుత గోరు మాత్రం బంధం అంచులో అలాగే దిగబడి ఉంది. లోపలినుంచి కోటిలింగం వచ్చింది. ఎంత చిక్కిందంటే, దాని నీడ దానికంటే లావుగా కనిపించింది. తల్లులు రెండువైపులా నిలబడి దారి వదిలారు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. మంగతాయి ముందు అది ఒక్క క్షణం ఆగింది. ఆమె చెవులు కదల్లేదు. అది తల దించుకుని కొండ దిగిపోయింది. మొండితోకను ఆ తర్వాత ఎవరికీ చూపించలేదని విన్నవాళ్లున్నారు.

ఆ రోజే పొన్నాచారి చీలలు తీసి, పట్టీలన్నీ ఊడదీశాడు. మంగతాయి తనే వెళ్లి ఒక కానుగాకు తెచ్చింది. తలుపు మూయించి, వెనక కాళ్ల మీద లేచి, ఆకును సందులో పైనుంచి వదిలింది. ఆకు ఎక్కడా తగలకుండా గడపదాకా జారింది. ఆమె ఇంకొకసారి వదిలి చూసింది. అప్పుడు తన పిల్లలను లోపలికి పంపింది.

కర్రను కర్రతో కలిపి నిలబెట్టేది వాటి నడుమ వదిలిన చోటే, ఆ చోటును మూయించినవాడు అక్కడే ఇరుక్కుంటాడు.

చెయ్యెత్తినవాళ్లు ఇక దించవచ్చు. ఇంకా అనుమానం తీరనివాళ్లు ఏనుగుదిన్నె ఎక్కి, గుహ దగ్గరికి వెళ్లి, ఈ కథంతా తలుపు ముందు నిలబడి చెప్పండి. ఆకు సందులోంచి టక్కున పలుకు వినిపిస్తుంది. ఆ పలికిన బల్లి పేరు నిజాలమ్మ.